రెండు వేలల్లో మంచి హెడ్‌ఫోన్స్ వస్తాయా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఫోన్ల గురించి రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఫోన్ సంగతి అడిగినవాళ్లు తక్కువ, "సరే, దానికి ఏ ఇయర్‌ఫోన్స్ కొనమంటారు" అన్నవాళ్లే ఎక్కువ. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి. ధరలు ఆఫర్ల సీజన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంటాయి, ఆ మాత్రం మీరు చూసుకోండి.

ప్రశ్న: సార్, నా బడ్జెట్ రెండు వేలు, అది కూడా అమ్మని ఒప్పించి తెచ్చుకున్నది. హాస్టల్లో పాటలు వింటాను, రాత్రిళ్లు ఓటీటీలో సినిమాలు చూస్తాను. బడ్స్ తీసుకోవాలా, నెక్‌బ్యాండా, చెవుల మీద పెట్టుకునే పెద్దవా? ఫ్రెండ్స్ తలా ఒకటి చెబుతున్నారు. ఒక్క ముక్కలో చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఒక్క ముక్కలో అయితే, వైరున్నవి కొనండి.

ఎందుకో కూడా వినండి. రెండు వేలు పెట్టి బడ్స్ కొన్నారనుకోండి, ఆ డబ్బులో రెండు బడ్స్‌కి రెండు బుల్లి బ్యాటరీలు, కేసులో ఇంకో బ్యాటరీ, బ్లూటూత్ చిప్, మైకులు, ఆ కేసు, దాని మూత టక్కుమని మూసుకోవడానికి అయస్కాంతం, ఇన్నిటికీ పంచాక అసలు శబ్దం పుట్టించే స్పీకర్‌కి ఎంత మిగులుతుంది? పెళ్లి బడ్జెట్‌లో డెకరేషన్‌కీ డ్రోన్ కెమెరాకీ పోగా భోజనాలకి మిగిలినంత. వైరున్న వాటిలో ఈ ఖర్చులేవీ ఉండవు కాబట్టి అదే రెండు వేలు దాదాపు మొత్తం స్పీకర్‌కీ, దాని చుట్టూ ఉన్న డొప్పకీ పోతాయి. వినగానే తేడా తెలుస్తుంది, దీనికి సంగీత జ్ఞానం ఏమీ అక్కర్లేదు.

పేరు చెప్పమంటారని తెలుసు కాబట్టి చెబుతున్నా. మూన్‌డ్రాప్ అనే చైనా కంపెనీ 2022లో చూ అని ఒక ఇయర్‌ఫోన్ తెచ్చింది, అప్పట్లో దాని ధర ఇరవై డాలర్లు. ఆ ధరలో అంత పద్ధతిగా మోగేవి అంతకు ముందు దొరకడం కష్టంగా ఉండేది. మొదటి రకంలో వైరు ఊడి రాదు, తెగితే మొత్తం పారేయాల్సిందే. తర్వాత వచ్చిన చూ 2లో వైరు విడిగా మార్చుకోవచ్చు, అందుకని అదే చూడండి, మన దగ్గర రెండు వేలకి కొంచెం అటూ ఇటూగా దొరుకుతుంది. వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకోవాలి, మొదట్లో చిరాగ్గా ఉంటుంది గానీ తర్వాత అలవాటైపోతుంది. మైకు కావాలంటే మైకున్న రకమే అడిగి తీసుకోండి. చెవిలో దూర్చుకునేవి పడవంటే సోనీ ఎండీఆర్ జెడ్‌ఎక్స్ 110 అని చాలా ఏళ్లుగా అమ్ముతున్న మామూలు హెడ్‌ఫోన్ ఒకటుంది, వెయ్యికి అటూ ఇటూగా వస్తుంది. అద్భుతం అనను, కానీ ఆ డబ్బుకి అన్యాయం చేయదు.

అయితే ఇదంతా ఒకచోట కూర్చుని, పడుకుని వినేవాళ్ల సంగతి. మీరు నడుస్తూనో జిమ్‌లోనో వినేవాళ్లయితే వైరు నిజంగానే గోల. అప్పుడు బడ్స్ కన్నా నెక్‌బ్యాండ్ మేలు, బ్యాటరీ పెద్దది, మెడలో ఉంటుంది కాబట్టి ఒక చెవిది పడిపోయి మెట్రో ప్లాట్‌ఫాం మీద వెతుక్కునే బాధ లేదు. కాలర్ దగ్గర వైర్ల గోల కాస్త ఉంటుందనుకోండి. ఇంకో రెండు మూడు వేలు పోగు చేసుకునేదాకా ఆగగలిగితే సోనీ డబ్ల్యూహెచ్ సీహెచ్ 520 ఉంది, ఇది బ్లూటూత్, ఒకసారి ఛార్జ్ చేస్తే 50 గంటలని కంపెనీ చెబుతుంది. హాస్టల్ పిల్లలకి ఛార్జింగ్ పాయింట్ దొరకడమే కష్టం కాబట్టి ఈ 50 గంటలు చిన్న విషయం కాదు. లాప్‌టాప్ ముందు కూర్చుని వినేవాళ్లకి ఆడియో టెక్నికా ఎం 20 ఎక్స్ కూడా బాగుంటుంది, కాకపోతే వైరు 3 మీటర్లు, ఊడిరాదు, ఫోన్‌కి పెట్టుకుంటే కాళ్లకి చుట్టుకుంటుంది.

ప్రశ్న: వైరువి కొనమని అందరూ అంటారు, నా ఫోన్‌కి ఆ రంధ్రమే లేదు. ఏం చేయాలి?
– ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ ఆ రంధ్రం తీసేసింది, తర్వాత మెల్లగా చాలా కంపెనీలు అదే బాట. చిన్న డాంగిల్ ఒకటి కొనుక్కోవాలి, ఛార్జింగ్ పిన్నుకి పెడితే అటువైపు పాత గుండ్రటి రంధ్రం వస్తుంది. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. డాంగిల్స్ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ రెండు రకాలు. ఒకదానిలో డిజిటల్‌ని శబ్దంగా మార్చే చిప్, అంటే డాక్, లోపలే ఉంటుంది. రెండోది ఉత్త వైరు, ఫోనే శబ్దాన్ని బయటికి పంపితే తప్ప పనిచేయదు, చాలా ఫోన్లు అలా పంపవు. వందకో నూట యాభైకో దొరికేది రెండో రకం అయ్యే అవకాశం ఎక్కువ. షాపులో "డాక్ ఉందా" అని అడగండి, అతను తెల్లమొహం వేస్తే అక్కడికక్కడే మీ ఫోన్‌కి పెట్టి వినిపించమనండి. ఆపిల్ వాళ్ల టైప్ సీ డాంగిల్ క్వాలిటీలో మంచిదే, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి పెడితే వాల్యూమ్ తక్కువ వస్తుంది, అది తెలిసే కొనండి. ఇంకో సంగతి, మామూలు డాంగిల్ పెట్టినంతసేపు ఛార్జింగ్ పెట్టుకోలేరు.

ప్రశ్న: నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడకి బస్సులో వెళ్లొస్తాను. బాక్స్ మీద నాయిస్ క్యాన్సిలేషన్ అని పెద్ద అక్షరాల్లో ఉంటే 1,300 పెట్టి బడ్స్ తీసుకున్నాను. బస్సు ఎక్కి పెట్టుకుంటే ఇంజన్ మోత అలాగే ఉంది. మోసపోయానా? కంప్లైంట్ ఇవ్వాలా?
– బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు

జవాబు: ముందు ఆ బాక్స్ ఇంకోసారి చూడండి మేడమ్. దాదాపుగా అక్కడ ఈఎన్‌సీ అని ఉంటుంది, మీకు కావలసింది ఏఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా, దాని మీదే వీళ్ల వ్యాపారం నడుస్తోంది. ఈఎన్‌సీ అంటే మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న రొద అవతలివాళ్లకి వినపడకుండా మైకు దగ్గర తగ్గించడం. అంటే మీరు డబ్బు పెట్టి కొన్నారు, లాభం మీ ఆయనకో మీ మేనేజర్‌కో. మీ చెవికి దానితో ఏ సంబంధమూ లేదు. బాక్స్ మీద ఈఎన్‌సీ అనే రాసి ఉంటే అబద్ధం రాశారని కంప్లైంట్ ఇవ్వడం కూడా కష్టమే, నిజమే రాశారు, మనం ఏమనుకుంటామో తెలిసి రాశారు.

ఏఎన్‌సీ ఎలా పనిచేస్తుందంటే, బయట ఉన్న చిన్న మైకు బస్సు మోతని వింటుంది, లోపలి చిప్ దానికి సరిగ్గా తిరగబడ్డ తరంగాన్ని స్పీకర్‌లో వదులుతుంది, రెండూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి 1978లో విమానంలో వెళ్తూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మోతలో ఏమీ వినపడక ఈ ఆలోచన వచ్చిందంటారు, పైలట్ల హెడ్‌సెట్‌గా బయటికి రావడానికి 1989 దాకా పట్టింది. ఒకే తీరుగా బొయ్యిమని సాగే మోతల మీద, అంటే ఇంజన్, ఏసీ, ఫ్యాన్, విమానం, ఇది బాగా పనిచేస్తుంది. హారన్ మీదా, కండక్టర్ కేక మీదా, పక్క సీటాయన స్పీకర్ పెట్టి చూసే రీల్స్ మీదా అంతగా పనిచేయదు, ఎందుకంటే అవి క్షణక్షణం మారిపోతుంటాయి, చిప్ వాటిని అందుకునేలోపే చెవిలో పడిపోతాయి. ఇరవై వేలవి కొన్నా ఈ తేడా పూర్తిగా పోదు, రెండు వేలవాటిలో ఏఎన్‌సీ ఉన్నా చాలావరకు పేరుకి ఉన్నట్టే.

మీరు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా చేయాల్సిన పని ఒకటుంది. బాక్స్‌లో ఇంకో రెండు సైజుల రబ్బరు టిప్స్ వచ్చి ఉంటాయి, ఎక్కువమంది వాటిని కవర్ కూడా విప్పరు. మీ చెవికి పెద్ద సైజు పెట్టి చూడండి, అవసరమైతే ఒక చెవికి ఒక సైజు, రెండో చెవికి ఇంకో సైజు, మనిషికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. గాలి చొరకుండా సరిగ్గా కూర్చుంటే బయటి రొద చాలా వరకు అక్కడే ఆగిపోతుంది, పైగా బాస్, అంటే దుమ్‌మనే లోతైన శబ్దం, వస్తుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో "బాస్ లేదు" అని వాపోయినవాళ్లందరికీ కూడా ఇదే జవాబు, కొత్తవి కొనేముందు టిప్స్ మార్చండి. దానితో సరిపోకపోతే స్పాంజిలా నొక్కుకుపోయే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి, బస్సు ప్రయాణానికి చవకరకం ఏఎన్‌సీ కన్నా అవే నయం. రోడ్డు దాటేటప్పుడు మాత్రం దయచేసి తీసేయండి.

ప్రశ్న: బ్లూటూత్ పెట్టుకుని సినిమా చూస్తే పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. డబ్బింగ్ సినిమా చూస్తున్నట్టు ఉంది. అన్నింటికీ ఇంతేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: అన్నింటికీ ఎంతో కొంత ఉంటుంది. ఫోన్ శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, బడ్ దాన్ని మళ్లీ విప్పేసరికి మామూలు బ్లూటూత్‌లో సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. యూట్యూబ్ లాంటి యాప్స్ ఈ సంగతి తెలిసి వీడియోనే కాస్త ఆపి పంపుతాయి కాబట్టి ఫోన్‌లో పెద్దగా తెలియదు. టీవీలోనూ, కొన్ని ప్లేయర్లలోనూ ఆ సర్దుబాటు ఉండదు, అక్కడే దొరికిపోతాం. డౌన్‌లోడ్ చేసిన వీడియోని లాప్‌టాప్‌లో వీఎల్‌సీలో చూస్తుంటే కీబోర్డు మీద జే, కే నొక్కి శబ్దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. మీ బడ్స్‌లో గేమ్ మోడ్ అని ఉంటే ఆన్ చేసి చూడండి. గేమ్స్ ఆడేవాళ్లకి మాత్రం వైరు తప్ప గతి లేదు, తుపాకీ పేలింది మీకు వినపడేలోపు మీరు పోయి ఉంటారు.

లాప్‌టాప్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఆన్‌లైన్ క్లాసు మొదలవగానే పాట కూడా పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు అయిపోతే బడ్స్ పాడయ్యాయని టెన్షన్ పడకండి. మైకు వాడగానే బ్లూటూత్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది, అప్పుడు క్వాలిటీ పడిపోతుంది. మైకుని లాప్‌టాప్‌దే ఎంచుకుంటే మళ్లీ మామూలుగా వస్తుంది.

ప్రశ్న: రిటైరైన తెలుగు మాస్టారిని. మనవడు హై-రెస్ అని బంగారు రంగు స్టిక్కర్ ఉన్న ఖరీదైన హెడ్‌ఫోన్ కొనిచ్చాడు. ఘంటసాల గారి పాటలు పెట్టుకుంటే వెనకాల సుయ్‌మని రొద, గొంతు ఎక్కడో నుదుటి మధ్యలో ఉన్నట్టుంది. నా రేడియోలోనే బాగుండేవి. తప్పు నా చెవులదా, హెడ్‌ఫోన్‌దా?
– రాజమహేంద్రవరం

జవాబు: రెండిటిదీ కాదు మాస్టారూ. ఆ కాలం పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డ్ చేసినవి, అంటే కుడి ఎడమ అన్న తేడా లేదు, రెండు చెవుల్లోకీ ఒకటే శబ్దం వెళ్తుంది, అందుకే మెదడు దాన్ని తల మధ్యలో కూర్చోబెడుతుంది. రేడియో అయితే గదిలో ఒక మూల నుంచి మోగేది, ఆ గది కూడా పాటలో కలిసేది. ఇక ఆ సుయ్‌మనే శబ్దం టేపుదీ, అరిగిన రికార్డుదీ, అప్పుడూ ఉంది, రేడియో దాన్ని మింగేసేది. మీ మనవడు కొన్న హెడ్‌ఫోన్ సన్నటి శబ్దాలని కూడా పట్టి చూపిస్తోంది కాబట్టి బయటపడింది. ఫోన్‌లో ఈక్వలైజర్ ఉంటుంది, అందులో కుడివైపు చివర ఉన్న గీతలు రెండు కాస్త కిందికి దించమని మీ మనవడికి చెప్పండి, రొద తగ్గుతుంది, గొంతు పోదు. ఒకే పాట నాలుగైదు చోట్ల ఉంటుంది, ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించినది కాకుండా ఆడియో కంపెనీ పెట్టినది వెతికి వినండి.

ఆ స్టిక్కర్ సంగతి. శబ్దం 40 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుందని జపాన్ ఆడియో సొసైటీ పెట్టిన గుర్తు అది. మనిషి చెవి వినేది చిన్నతనంలో 20 కిలోహెర్ట్జ్ దాకా, వయసుతో అది ఇంకా తగ్గుతూ వస్తుంది. అంటే ఆ స్టిక్కర్ చెప్పే దానిలో పై సగం మీ వీధిలో గబ్బిలాలకి పనికొస్తుంది.

ఇదే మాట మిగతా పాఠకులకి కూడా. బాక్స్ మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని మూడు వందల ఇయర్‌ఫోన్ మీదా ఉంటుంది, ముప్పై వేల దాని మీదా ఉంటుంది. 40 ఎంఎం డ్రైవర్, 13 ఎంఎం డ్రైవర్ అన్నవి లోపలి స్పీకర్ సైజులే, రుచి కాదు. ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ క్వాలిటీతో పంపే పద్ధతి, పైన చెప్పిన డాక్ చిప్ కాదు) ఉందని ఐదు వందలు ఎక్కువ పెడుతున్నవాళ్లు ఆ ఐదు వందలు పెట్టేముందు మీ ఫోన్‌లో అది ఉందో లేదో చూసుకోండి, ఐఫోన్‌లో అయితే లేదు. ఓమ్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, ఒక్కటి మాత్రం పట్టించుకోండి, 16, 32 అంటే ఫోన్‌కి హాయిగా సరిపోతుంది, 250, 300 అని ఉంటే దానికి విడిగా యాంప్లిఫయర్ కావాలి, ఎంత మంచి కంపెనీ అయినా సరే ఫోన్‌కి పెడితే నీరసంగా మోగుతుంది. వీటన్నిటికన్నా ముందు మీ పాటల యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆడియో క్వాలిటీ "ఆటోమేటిక్" నుంచి "హై"కి మార్చండి. అది ఉచితం. చాలామంది డేటా మిగల్చడానికి ఎప్పుడో తగ్గించి మర్చిపోయి, ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌ని తిడుతుంటారు.

షాపులో విని చూసే వీలుంటే వాళ్లు పెట్టే డీజే పాట వినకండి, అందులో ఏదైనా బాగానే ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్ పాటతో పాటే విడిగా ఒక రాగం పాడుతుంటుంది కదా, ఆ స్వరాలు ఒక్కొక్కటిగా వినపడాలి, అంతా కలిసి దుమ్‌దుమ్ అంటే ఆ బాస్ ఎక్కువే గానీ మంచిది కాదు. మృదంగంలో రెండు వైపుల దెబ్బలూ వేరువేరుగా తెలియాలి. ఆడగొంతు పైకి వెళ్లినప్పుడు స, శ, చ అక్షరాలు చెవిలో గుచ్చితే వద్దు, పది నిమిషాలకే తలనొప్పి వస్తుంది. కళ్లద్దాలున్నవాళ్లు అద్దాలతోనే పెట్టుకుని ఒక పది నిమిషాలు ఉంచండి, షాపువాడు మొహం మాడ్చినా సరే.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. టీవీ సౌండ్ ఎంత పెట్టినా మాటలు అర్థం కావడం లేదంటారు, ఫైట్లు వస్తే పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారు. ఆయనకి హెడ్‌ఫోన్ కొందామని.
– గృహిణి, నెల్లూరు

జవాబు: ముందు ఆయన్ని ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. హెడ్‌ఫోన్ వినికిడి యంత్రం కాదు, చెవి లోపల లోటు ఉంటే దీని సౌండ్ పెంచుకుంటూ పోవడం వల్ల ఉన్నది కూడా పోతుంది.

పరీక్షలో ఫరవాలేదంటే, మాట చిన్నగా ఫైటు పెద్దగా రావడానికి కారణం చాలాసార్లు టీవీ సెట్టింగే. ఓటీటీ సినిమాల్లో మాటలు మధ్య స్పీకర్‌కని విడిగా ఇస్తారు, మన టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు, దాన్ని తెచ్చి వీటిలో కలిపేసరికి మాట అణిగిపోతుంది. భాష ఎంచుకునే చోటే 5.1 (ఇలా విడివిడి స్పీకర్లకి పంచి ఇచ్చేది) కాకుండా మామూలు స్టీరియో ఉందేమో చూడండి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో మాట స్పష్టంగా వచ్చే మోడ్ ఒకటి ఉంటుంది, అది పెట్టండి. ఇవి చేశాక కూడా కావాలంటే మెత్తటి దిండ్లున్న తేలికపాటి బ్లూటూత్ హెడ్‌ఫోన్, చెవిలో దూర్చేవి వద్దు, పెద్దవాళ్లకి వాటిని తీసి పెట్టుకోవడమే విసుగు. టీవీలో బ్లూటూత్ ఉందో లేదో ముందు చూసుకోండి. చాలా టీవీల్లో హెడ్‌ఫోన్ కలపగానే స్పీకర్ ఆగిపోతుంది, నాన్నగారు వింటుంటే మీ అత్తగారికి సీరియల్ మూకీ అయిపోతుంది, రెండూ ఒకేసారి మోగే సదుపాయం ఉన్న టీవీ అయితే అదృష్టమే.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. అక్కడి నుంచి తెప్పించుకుంటే చవకా?
– కరీంనగర్

జవాబు: మూడు నాలుగు వేల లోపువి అయితే అక్కర్లేదు, ఇక్కడే దొరుకుతాయి. వారంటీ చాలా కంపెనీలు కొన్న దేశంలోనే ఇస్తాయి, పాడైతే మళ్లీ డాలస్ పంపాలి. అబ్బాయిని చేతులూపుకుంటూ రమ్మనండి.

ప్రశ్న: మా వాడు పదో తరగతి. పొద్దస్తమానం చెవిలోనే. ఎంత వాల్యూమ్ వరకు ఫరవాలేదు?
– ఖమ్మం

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగం అవుతుంది, పిల్లలకి ఇంకా తక్కువ ఉండాలి. ఇంట్లో కొలవడం కష్టం కాబట్టి, చేయి చాపినంత దూరంలో నిలబడి మామూలుగా పిలవండి, వినపడకపోతే తగ్గించమనండి. ఫోన్‌లోనే గరిష్ఠ వాల్యూమ్‌కి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంటే అది కూడా వాడుకోండి. బయటి రొద ఆపే మంచి టిప్స్ ఉంటే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది, పిల్లలు సౌండ్ పెంచేది ఎక్కువగా బస్సు మోతని జయించడానికే.

ప్రశ్న: ఏది కొన్నా ఆరు నెలలకి ఒక వైపు మూగబోతోంది. నాకే ఇలా ఎందుకు?
– ఆటో డ్రైవర్, వరంగల్

జవాబు: మీకొక్కరికే కాదన్నా. వైరువి అయితే నూటికి తొంభై సార్లు తెగేది పిన్ను దగ్గరే, ఫోన్‌కి చుట్టి జేబులో పెట్టుకోవడం వల్ల అక్కడ మడత పడి లోపలి సన్న తీగ తెగిపోతుంది. వదులుగా చుట్టి పెట్టుకోండి, లాగేటప్పుడు వైరు కాకుండా పిన్ను పట్టుకుని లాగండి. తెగినా పారేయకండి, మొబైల్ రిపేరు షాపులో కొత్త పిన్ను సోల్డరింగ్ చేస్తారు, కొత్తది కొనేదాని కన్నా చాలా తక్కువలో అయిపోతుంది. బడ్స్‌లో ఒక వైపు చిన్నగా వినపడుతుంటే ముందు దాని జాలీ చూడండి, గులిమి అడ్డుపడి ఉంటుంది, టిప్ తీసి జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా తుడవండి, పిన్నీసుతో పొడవొద్దు. అది కాకుండా ఛార్జింగే నిలవడం లేదంటే బ్యాటరీ అయిపోయినట్టు, బడ్స్‌లో దాన్ని మార్చే వీలు దాదాపు ఉండదు. ఏడాది వారంటీ ఉంటుంది కాబట్టి బిల్లు ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, కాగితం బిల్లు మీద అక్షరాలు ఆరు నెలలకే చెరిగిపోతాయి.